జింకలు జతకట్టే కార్తీకం

మొన్న సాయంత్రం పక్కింటి కుర్రవాడు వచ్చి తలుపు తట్టాడు. బెంటన్‌విల్‌లోని పెద్ద కంపెనీలో కాంట్రాక్టు మీద పనిచేసే ఇంజనీరు. చెప్పులు గుమ్మం బయట జతగా విడిచి, పిలిచేదాకా లోపలికి అడుగు పెట్టని మనిషి. అటువంటివాళ్ళంటే నాకు గౌరవం. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఆంటీ, మీరు చిన్నప్పటినుంచి ఈ ఏరియాలోనే ఉన్నారంట కదా. చిన్న డౌట్. ఈ రట్ అనేది కరెక్ట్‌గా ఎప్పుడు పీక్‌లో ఉంటది?"

రట్ అంటే జింకలు జతకట్టే కాలం. ఆ మాట ఒక తెలుగువాడి నోట విని ఎన్నో ఏళ్ళయింది. అతను ఫోను చాపి, రంగురంగుల గీతలున్న పటం ఒకటి చూపించాడు.

"ఈ యాప్ నెక్స్ట్ శాటర్‌డే అంటోంది. మా మేనేజర్ టీమ్ మొత్తాన్ని హంటింగ్‌కి ఇన్వైట్ చేశాడు. నేనొక్కణ్ణే డ్రాప్ అయితే బాగోదు కదా ఆంటీ."

"యాప్‌ను నమ్మకు. ఉత్తరపు గాలి తిరగాలి. తెల్లారేసరికి గడ్డి మీద నూగుమంచు గట్టిపడాలి. ఆ పొద్దునే వెళ్ళు" అన్నాను. ఆ జవాబు నాలో అంత సిద్ధంగా ఉందని నాకే తెలియదు.

అతను సంతోషపడ్డాడు. చెప్పులు తొడుక్కుంటూ గొంతు తగ్గించాడు. "ఆంటీ, మా అమ్మకి మాత్రం చెప్పకండి ప్లీజ్. కార్తీకమాసం కదా, డైలీ దీపాలు పెడుతోంది. ఆఫీస్ ఆఫ్‌సైట్ అని చెప్పాను. నా వైఫ్‌కి తెలుసులెండి."

నేను తలుపు వేసి, గడియ పెట్టి, ఆ చెక్కకు చెయ్యి ఆనించి చాలాసేపు నిలబడిపోయాను.

*

ఇప్పుడు వరుసగా ఇళ్ళు, కత్తిరించిన గడ్డి, బాస్కెట్‌బాల్ స్తంభాలు ఉన్న ఈ నేల అప్పుడు ఓక్ చెట్ల కొండవాలు. అక్కడక్కడా కోళ్ళఫారాలు. వాన వెలిసిన సాయంత్రం గాలిలో తడిసిన ఓక్ ఆకు వాసనా, కట్టెపొయ్యి పొగా, కోళ్ళ పెంట ఘాటూ కలిసి వచ్చేవి. మొదటి ఏడాది అమ్మ ముక్కుకు చీరకొంగు అడ్డం పెట్టుకునేది. తరవాత అలవాటయింది.

మా నాన్నగారు ఆ చిన్న ఊరి ఆస్పత్రిలో శస్త్రచికిత్స చేసే ఒకే ఒక వైద్యుడు. మేం వచ్చిన కొత్తలో ఎవరూ ఆయన దగ్గరికి వచ్చేవారు కారు. కడుపునొప్పితో మెలికలు తిరుగుతూ కూడా, కారులో పడుకుని దూరపు పట్నానికి పోయేవారు. ఆ దారిన పోలేనంత బాధతో ఒక తెల్లవారుజామున మా పక్క పొలం పెద్దాయన వచ్చాడు. ఆయన బతికి బట్టకట్టిన తరవాతనే ఊరు మా నాన్నగారిని 'డాక్' అనడం మొదలుపెట్టింది.

ఆ పెద్దాయన భార్య పోయినవాడు. మోకాళ్ళు అరిగినవాడు. కొండపైన ఆయనకొక చెక్క గుడిసె ఉండేది. నవంబరులో జింకల వేట తెరిచిన రోజున ఊళ్ళోని మగవాళ్ళలో చాలామంది అక్కడికి చేరేవారు. శనివారం వేట తెరిస్తే, ఆ వెంటనే వచ్చే సోమవారం మా బడికి సెలవు. మంగలి దుకాణానికి సెలవు. బ్యాంకు తలుపు మీద కూడా చేతిరాత కాగితం వేలాడేది. ఆ గుడిసెకు పిలుపు వచ్చినవాడు ఆ ఊరివాడు. రానివాడు ఎన్నేళ్ళున్నా పరాయివాడు. నాన్నగారికి పిలుపు వచ్చిన సంవత్సరం ఆయన ఊరికే కూర్చుని కాఫీ తాగి వచ్చారు. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆయన నవ్వినంతగా అంతకుముందు ఎన్నడూ నవ్వలేదు. మరుసటి ఏడు ఆయనకు జింకల కోసం కాపు కాసే మంచె ఒకటి కేటాయించారు.

ఆ ఏడే అమ్మ కడుపుతో ఉంది.

నా తరవాత అమ్మకు ఇద్దరు బిడ్డలు నెలలు నిండకుండానే పోయారు. ఈసారి నిలవాలి. మా ఇంట్లో జరిగే ప్రతి పనీ, మాట్లాడే ప్రతి మాటా ఆ ఒక్క కోరిక చుట్టూ తిరిగేవి. అమ్మను మెట్లు ఎక్కనిచ్చేవారు కారు. నాన్నగారు రోజూ స్టెతస్కోపు వెచ్చబడేలా అరచేతిలో పట్టుకుని, ఆ తరవాతే అమ్మ పొట్టమీద ఆనించేవారు. నన్ను కూడా విననిచ్చేవారు. గుర్రం దౌడు తీస్తున్నట్టు వినిపించేది.

అమ్మకు సాయంగా మామ్మను, అంటే నాన్నగారి తల్లిని, ఇండియా నుంచి రప్పించారు.

*

మామ్మ వచ్చిన వారంలో ఇల్లు ఒక క్రమానికి వచ్చింది. ఏ డబ్బా ఎక్కడ ఉండాలో, ఏ గిన్నె ఏ పొయ్యికో, ఎవరు ఎప్పుడు స్నానం చెయ్యాలో, అన్నీ ఆవిడే నిర్ణయించింది. సాయంత్రం నాకు తెలుగు చెప్పేది. ఒత్తు తప్పితే ఆ మాట పలక నిండా రాయాలి. ఇవాళ నేనీ నాలుగు వాక్యాలు తిన్నగా కూర్చగలుగుతున్నానంటే అది ఆవిడ పెట్టిన భిక్ష.

వంటింటి గోడమీద మామ్మ తెచ్చుకున్న పంచాంగం ఒక మేకుకు వేలాడేది. పక్క మేకుకు కోళ్ళదాణా కొట్టువాడిచ్చిన క్యాలెండరు. నవంబరు పేజీలో కొమ్ముల దుప్పి బొమ్మ. మామ్మ పంచాంగంలో కార్తీకం ఎక్కడుందో, దాణా కొట్టు క్యాలెండరులో వేట సరిగ్గా అక్కడే ఉంది. కార్తీకం వచ్చిందంటే ఇంట్లోకి నీచు రాకూడదు. ఉల్లిపాయ కూడా గరాజులోకి పోయింది. తెల్లవారకముందే స్నానం, వెనక మెట్ల మీద పిండి ప్రమిదలో దీపం, సోమవారం నక్షత్రం కనిపించేదాకా ఉపవాసం.

ఇవి కాక గర్భిణి భర్తకు వేరే నియమాలు. పాడె మోయకూడదు. కొబ్బరికాయ కొట్టకూడదు. ప్రాణి మీద చెయ్యెత్తకూడదు. డాలస్ నుంచి తెచ్చిన కొబ్బరికాయను నాన్నగారు బుద్ధిగా నా చేతికిచ్చి దూరంగా నిలబడ్డారు. నేను వెనక మెట్టు మీద పెట్టి సుత్తితో కొట్టాను. కాయ పగలకుండా దొర్లుకుంటూ పోయి గడ్డిలో పడింది. పక్క పొలంలో కంచె బిగిస్తున్న పెద్దాయన పగలబడి నవ్వాడు.

"డాక్, మా పొట్టలన్నీ కోస్తావు, ఆ కాయకు భయపడతావేం?"

నాన్నగారు సిగ్గుపడి నవ్వారు. మామ్మ నన్ను అడిగింది, "ఏవంటున్నాడే ఆ పెద్దాయన?" నేను చెప్పాను. "మనుషుల్ని బతికించడానికి కోస్తాడు. అది వేరు, ఇది వేరు. అలా అని చెప్పు" అంది. చెప్పాను. ఆయన టోపీ తీసి మామ్మకు తల వంచాడు.

వాళ్ళిద్దరికీ స్నేహం కుదిరింది మాత్రం కంచె అంచున ఉన్న పెర్సిమన్ చెట్టు కింద. మామ్మ ఒక పండు ఏరి, వాసన చూసి, "ఒసే, ఇది మన తునికి పండే! మా పుట్టింటి వెనక కొండమీద ఎన్ని చెట్లో!" అని చిన్నపిల్లలా సంబరపడింది. కొరికింది. వగరుకు ముఖం ముడుచుకుపోయింది. పెద్దాయన చెయ్యి ఊపుతూ కుంటుకుంటూ వచ్చాడు. "ఆగమని చెప్పు. మంచు కొట్టాలి. మంచు కొట్టిన పండే తియ్యన. జింకలు కూడా అప్పుడే వస్తాయి."

మంచు పడ్డాక ఇద్దరూ ఆ చెట్టు కింద విరిగిన బల్ల మీద కూర్చునేవారు. మధ్యలో నేను దుబాసీని. ఉసిరిచెట్టు దొరకని దేశంలో ఆ తునికి చెట్టు కిందే మామ్మ వనభోజనం పెట్టింది. పులిహోర, బెల్లం పరమాన్నం. పెద్దాయన పులిహోర తిని కళ్ళు తుడుచుకుని, మళ్ళీ పెట్టించుకున్నాడు.

తిన్న తరవాత ఆయన వేట సంగతి చెప్పాడు. ఏడాది పొడుగునా పోతుజింక మనిషికి కనబడదు. రాత్రి మేస్తుంది, పగలు పొదలో పడుకుంటుంది. ఈ కొద్దిరోజులు మాత్రం దానికి ఒళ్ళు తెలియదు. దేవదారు మొక్కలకు కొమ్ములు రుద్ది బెరడు ఒలిచేస్తుంది. కొమ్మ కింద నేల కాలితో గీరి, అక్కడ మూత్రం పోసి, లేడి కోసం కాసుకుంటుంది. లేడి ఎటు పోతే అటు ముక్కు నేలకానించి పట్టపగలు పరుగెడుతుంది. అలా గీరిన చోట మట్టి తడిగా ఉందా ఎండిందా చూసి, గాలి చూసి, మంచు చూసి వేటగాడు తన రోజు నిర్ణయించుకుంటాడు.

"తిండి ఉండదు, నిద్ర ఉండదు దానికి. ఎదురుగా తుపాకీ ఉన్నా చూడదు" అన్నాడు.

నేను తెలుగు చేసి చెప్పాను. మామ్మ ముఖం మారింది. "తినదు, నిద్రపోదు, చూడదు. అప్పుడే కొడతారా? అది వేటేవిటి, దొంగదెబ్బ! మా నాన్నగారూ వేటగాడే. మన్యంలో పెద్ద పేరు. జతకట్టే రోజులు వచ్చాయంటే తుపాకీకి నూనె రాసి, గుడ్డ చుట్టి అటక మీద పెట్టేసేవారు. ఇంట్లో చూలాలున్నా అంతే. చెప్పు ఆయనతో."

చెప్పాను. పెద్దాయన అరిగిన మోకాలు రాసుకున్నాడు. "మీ మామ్మతో చెప్పమ్మా, మిగిలిన ఏడాదంతా దానికి నాకన్నా తెలివెక్కువని. నాకు దక్కేది ఈ వారమొక్కటే."

మామ్మకు నవ్వాగలేదు. "నిజం ఒప్పుకునేవాడిని ఏవనగలం" అంది.

నాన్నగారు ఆ మాటలన్నీ వింటూ, చేతిలో పండు తిప్పుతూ నిలబడ్డారు.

*

నా అల్లరి ఒకటి ఇక్కడ చెప్పాలి. గరాజులో నాన్నగారి పనిముట్ల పెట్టె వెనక చిన్న సీసా ఒకటి దొరికింది. మీద లేడి బొమ్మ. అత్తరనుకున్నాను. మూత తీస్తే ముక్కు పగిలిపోయే కంపు. పెరట్లో అమ్మ పెంచుకున్న చిన్న దేవదారు మొక్కకు మామ్మ ఆకాశదీపం కట్టేది. నేను ఆ మొక్క మొదట్లో నాలుగు చుక్కలు చిలకరించి, మామ్మ ముక్కు మూసుకుంటుందేమో చూడాలని నవ్వుకుంటూ పడుకున్నాను.

తెల్లవారి లేచేసరికి మొక్క నిలువునా ఒలిచేసి ఉంది. ఎర్రటి బెరడు పీలికలు వేలాడుతున్నాయి. దీపపు బుట్ట నలిగి నేల మీద పడి ఉంది. చుట్టూ గిట్టల గుర్తులు. మామ్మ నా చేతులు పట్టుకుని వాసన చూసింది.

"ఇదెక్కడిది?"

"గరాజులో. నాన్నగారి పెట్టె వెనక."

ఆవిడ తిట్టలేదు. చింతపండు తెచ్చి నా చేతులు వేలు వేలునా రుద్ది కడిగింది. "ఈ సంగతి ఎవరితోనూ అనకు" అంది. మొక్క చచ్చిపోయిందని అమ్మ బాధపడుతుందేమోనని అలా అందనుకున్నాను. అది పోతుజింకను రప్పించడానికి వేటగాళ్ళు చల్లే లేడి మూత్రమని చాలాకాలం తరవాత తెలిసింది.

ఆ వారాంతమే నాన్నగారు ప్రయాణం కట్టారు. రాష్ట్ర రాజధానిలో వైద్యుల కాన్ఫరెన్సు అన్నారు. కోటూ టై వేసుకుని, మామ్మ కాళ్ళకు నమస్కరించి, అమ్మ పొట్టమీద చెవి ఆనించి విన్నారు. "ఇంకా చాలా టైముంది. ఆదివారం రాత్రికి వచ్చేస్తా" అన్నారు. గుమ్మం దాకా వెళ్ళిన అమ్మ ఆయన చొక్కా గుండీ ఒకటి పట్టుకుని కాసేపు వదల్లేదు. పొరుగువాళ్ళ పిలుపు కాదనడం ఎంత కష్టమో అమ్మకు తెలుసు. ఆ ఊళ్ళో ఎవరూ పలకరించని మొదటి రెండేళ్ళు ఆవిడే కదా కిటికీ దగ్గర కూర్చుని గడిపింది.

ఆదివారం మధ్యాహ్నానికి ఆకాశం ఉక్కు రంగుకు తిరిగింది. ఉత్తరపు గాలి కొండల మీదుగా ఈల వేస్తూ వచ్చింది. దీపాల వేళకు ఫోను మోగింది. అమ్మ తీసింది. నేను పక్కనే ఉన్నాను. నాన్నగారి గొంతు నాకూ వినబడింది.

"ఇంకో పూట పొడిగించారు. రేపు పొద్దున్న ముఖ్యమైనది ఉంది. మధ్యాహ్నం దాటేలోపు బయల్దేరతా. బాగున్నావు కదా?"

"బాగున్నాను" అంది అమ్మ.

ఫోనులో ఆయన వెనకనుంచి కుక్క మొరిగింది. "కాన్ఫరెన్సుకి కుక్కలు కూడా వస్తాయా!" అని నేను నవ్వాను. అమ్మ నవ్వలేదు. వంటింట్లోంచి వింటున్న మామ్మ కూడా నవ్వలేదు.

*

సోమవారం. గడ్డి మీద మంచు తెల్లగా, ఉప్పు చల్లినట్టుంది. మామ్మ స్నానం చేసి వెనక మెట్ల మీద దీపం పెట్టింది. బడి లేదు. ముందు గదిలో నేల మీద బోర్లా పడుకుని నేను బొమ్మల పుస్తకం చూస్తున్నాను. అమ్మ సోఫాలో పక్కకు తిరిగి పడుకుంది.

"నడుం లాగుతోంది, అత్తయ్యగారూ."

"నొప్పులా?"

"కావేమో. ఇంకా టైముందన్నారుగా ఆయన."

"అబ్బాయికి కబురు పెడదామా?"

అమ్మ చీరకొంగు భుజం మీదికి లాక్కుంది. "కాన్ఫరెన్సులో ఉంటారండీ. సాయంత్రానికి వచ్చేస్తారుగా."

"అవును. సాయంత్రానికి వచ్చేస్తాడు" అంది మామ్మ.

ఆ మాట అన్నప్పుడు ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. కొండల్లో తుపాకులు మోగుతున్నాయి. ఒకటి దగ్గర, రెండు దూరం. మోగినప్పుడల్లా అమ్మ కళ్ళు మూసుకునేది. నొప్పికనుకున్నాను.

మామ్మ జీలకర్ర కషాయం తెచ్చి ఇచ్చింది. "పోనీ, ఆ హోటలు వాళ్ళకైనా చెప్పిస్తేనో?"

"నంబరు ఇవ్వలేదండీ."

"ఇవ్వలేదూ? పోన్లే." మామ్మ "దీపం కొండెక్కిందేమో చూసొస్తాను" అని వెనక మెట్ల మీదికి వెళ్ళింది. చాలాసేపు రాలేదు. కిటికీలోంచి చూస్తే, వెలుగుతున్న దీపం ముందు, ఆ చలిలో, ఊరికే నిలబడి ఉంది. అమ్మ నావైపు తిరిగింది. పెదవులు కదిలాయి. వెనక తలుపు తెరిచి ఉందని చూసింది. "ఏం లేదమ్మా, నీ పుస్తకం చూసుకో" అంది.

ఆ పూటలో నాకు మిగిలింది అంతే. ఒక ఆవిడ, రెండో ఆవిడ నోరు విప్పడానికి వీలుగా గది విడిచి వెళ్ళింది. రెండో ఆవిడ తలుపు తెరిచి ఉందని మాట మింగేసింది.

తరవాత అమ్మ బాత్‌రూముకు వెళ్ళాలని లేచింది. లేచిన చోటే గోడ పట్టుకుని ఆగిపోయింది. లేత రంగు కార్పెట్ మీద నెత్తురు.

మామ్మ పరుగున వచ్చింది. అమ్మ పొట్ట మీద చెయ్యి వేసింది. పలకలా గట్టిపడి ఉందట. ఆవిడ గొంతు పెంచలేదు.

"అమ్మడూ, ఆస్పత్రికి ఫోను చెయ్యి. మీ నాన్న కాన్ఫరెన్సులో లేడు, అడవిలో ఉన్నాడు. ఆ పెద్దాయన గుడిసెకు ఎవర్నైనా పరుగెత్తించమను. ఆంబులెన్సు పంపమను."

గోడకు ఆనుకున్న అమ్మ తల తిప్పి చూసింది. "మీకు తెలుసా, అత్తయ్యగారూ?"

"తెలుసమ్మా. నీకు తెలుసనీ తెలుసు."

"మరి..."

"ఇప్పుడెందుకు తల్లీ అవన్నీ. పడుకో. కదలకు."

ఫోనులో నర్సు, "మీ నాన్న కొండమీదే ఉన్నారుగా, ఊరందరికీ తెలుసు! పొద్దున్నే ఎందుకు చెయ్యలేదమ్మా?" అంది. ఆంబులెన్సు నడిపేవాళ్ళు కూడా అడవిలోనే ఉన్నారు. ఆవిడే తన కారు వేసుకుని వచ్చింది. మామ్మా, ఆవిడా కలిసి దుప్పటితో అమ్మను కారులోకి చేర్చారు. మా ఇంటినుంచి ఆ గుడిసెకు కారులో అరగంట కూడా పట్టదు. రాజధానిలో ఉన్నట్టే మాట్లాడుకున్నాం కనుక ఆ పొద్దంతా ఆయన మాకు ఎంతో దూరాన ఉన్నారు.

గుడిసెలో పెద్దాయన ఒక్కడే ఉన్నాడు, మోకాళ్ళ నొప్పితో. మిగిలినవాళ్ళు ఎవరి మంచెల మీద వాళ్ళున్నారు. కబురు అందగానే ఆయన బయటికి వచ్చి, ఆకాశంలోకి వరసగా మూడుసార్లు కాల్చాడు. అది వాళ్ళలో ఆపదకు గుర్తు. విన్నవాడు ఉన్నపళాన రావాలి. కాని జింకలు ఒళ్ళు తెలియక పరుగెత్తే ఆ పొద్దున కొండంతా తుపాకులే. ఎవరూ రాలేదు. చివరికి ఆయన ఆ మోకాళ్ళతోనే లోయలోకి దిగి, అందరి వేటా చెడగొడుతూ, 'డాక్, డాక్' అని అరుస్తూ నడిచాడు.

నాన్నగారు అప్పటికే కొట్టారు. లేడి వెనక ముక్కు ఆనించి వచ్చిన పోతు. మోకాళ్ళ మీద కూర్చుని పొట్ట కోసి శుభ్రం చేస్తున్నారు. ఎన్నో ఏళ్ళ తరవాత ఒకే ఒక్కసారి ఆయన నాతో అన్నారు: "మూడు దెబ్బలూ విన్నాను. ఎవరికో మంచిది పడిందనుకున్నాను."

వాగులో మోచేతుల దాకా కడుక్కుని, అదే నారింజరంగు వేట చొక్కాతో ఆస్పత్రిలోకి పరుగెత్తారు. మళ్ళీ కడుక్కున్నారు. కొయ్యవలసింది ఆయనే. ఆ ఊళ్ళో చేసేవాళ్ళు వేరే లేరు.

బయట బల్ల మీద మామ్మా, పెద్దాయనా పక్కపక్కన కూర్చున్నారు. దుబాసీ అవసరం కలగలేదు. ఆయన కాగితపు గ్లాసులో కాఫీ తెచ్చి మామ్మ చేతిలో పెట్టాడు. ఉపవాసం కనుక మామ్మ తాగలేదు. చల్లారిపోయేదాకా రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.

నాన్నగారు తలుపు తీసుకుని వచ్చారు. "అమ్మా" అన్నారు.

"మగపిల్లాడా?"

తల ఊపారు.

"కోడలు?"

"బతికింది. ఇక పిల్లలు పుట్టరు."

మామ్మ లేచి, గ్లాసు బల్ల మీద పెట్టి, చీర సర్దుకుంది. "సరే. వెళ్ళి స్నానం చెయ్యి" అంది.

*

బిడ్డను పెద్దాయన తన పొలంలోనే, తునికి చెట్టుకు అవతల, తన వాళ్ళను పెట్టుకున్న చోట పెట్టనిచ్చాడు. గొయ్యి ఆయనే తవ్వాడు. పేరు పెట్టని బిడ్డ కనుక రాయి వెయ్యలేదు. మామ్మ ఒక పిండి దీపం పెట్టింది. గాలికి వెంటనే ఆరిపోయింది. ఆవిడ మళ్ళీ వెలిగించలేదు.

నాన్నగారు మళ్ళీ తుపాకీ పట్టలేదు. ఏటా వేట తెరిచిన రోజుల్లో తన కారును ఆస్పత్రి గుమ్మం ముందే, దారినపోయే ప్రతివాడికీ కనబడేలా నిలిపి, రాత్రీ పగలూ అక్కడే ఉండేవారు. పిలుపులు కొన్నేళ్ళు వచ్చాయి. తరవాత రావడం మానేశాయి. ఊళ్ళో ఎవరికీ కోపం లేదు, కాని ఆయన మళ్ళీ అతిథి అయిపోయారు.

మా ఇంట్లో ఒకరినొకరు ఒక్క మాట అనలేదు. ఆ క్రమం చివరిదాకా చెడలేదు. మామ్మ ఇండియా తిరిగి వెళ్ళే ముందు పెట్టె సర్దుతుంటే నేనడిగాను. "తెలిసి కూడా పొద్దున్నే ఎందుకు చెప్పలేదు మామ్మా?"

ఆవిడ చీర మడత ఒకటికి రెండుసార్లు సరిచేసింది. "వాడు నాకు తెలియకూడదనుకున్నాడు. తెలుసని తెలిస్తే నా ముందు తలెత్తలేడు. కోడలు చెబుతుందిలే, నా నోటితో ఎందుకని చూశాను."

అమ్మను నేను చాలా పెద్దదాన్నయ్యాక అడిగాను. అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూనే చెప్పింది. "ఆవిడ ఉపవాసం ఉంది. దీపం పెట్టుకుని ఉంది. ఆ దీపం ముందు, మీ కొడుకు ప్రాణి హింసకు పోయాడని ఎలా అనను?"

ఇద్దరి జవాబులలోనూ తప్పు పట్టడానికి నాకు ఏమీ దొరకలేదు. నాకు పెద్దలు నేర్పిన మర్యాదలో అవి రెండూ సరైన జవాబులే. అందుకే ఇన్నేళ్ళుగా నాకు కోపం పెట్టుకోవడానికి చోటు లేదు. శాపమని మామ్మ ఎన్నడూ అనలేదు, నేనూ నమ్మను. కడుపులో మాయ ముందుగా విడిపోయింది, వేళకు కొయ్యలేదు. అంతే. ఆ వేళ మా నోళ్ళలో పోయింది.

పెద్దాయన పోయాక పొలం చేతులు మారింది. బుల్‌డోజర్లు వచ్చాయి. రాళ్ళున్న సమాధులను పేర్లు చదివి, మర్యాదగా ఊరి శ్మశానానికి తరలించారు. రాయి లేనిదాన్ని ఎవరు వెతుకుతారు? తునికి చెట్టు పోయింది. నేను ఈ కాలనీలో ఇల్లు కొన్నప్పుడు ఎందుకిక్కడ అని అడిగినవాళ్ళకు గ్రంథాలయం దగ్గరని చెప్పాను. తమ్ముణ్ణి పెట్టిన చోటు వీధి మలుపులో, బాస్కెట్‌బాల్ స్తంభానికీ ఉత్తరాల పెట్టెకూ నడుమ ఎక్కడో అయి ఉండాలి. కచ్చితంగా ఎక్కడో కనుక్కోలేకపోయాను. పగలు జింకలు ఆ గడ్డి మీదే నిలబడి పూలమొక్కలు మేస్తుంటాయి. వాటిని ఎవరూ ఏమీ అనరు.

*

శనివారం వచ్చింది. ముందురోజు రాత్రి ఉత్తరపు గాలి తిరిగింది. పొద్దున గడ్డి తెల్లగా ఉంది. నేను చెప్పినట్టే, యాప్ చెప్పినట్టే.

చెత్తడబ్బా లోపలికి లాక్కుంటుండగా, పక్కింటి చెక్క మెట్ల మీద ఆ కుర్రవాడి తల్లి దీపం పెడుతోంది. స్వెట్టరు మీద శాలువా. నన్ను చూసి నవ్వింది.

"మావాడు ఆఫీసు పనిమీద వెళ్ళాడండీ. ఏదో ఆఫ్‌సైటట."

కొండవైపునుంచి తుపాకీ మోగింది. ఆవిడ అరచెయ్యి దీపానికి అడ్డం పెట్టింది. గాలి లేదు. మళ్ళీ మోగింది. ఆవిడ అటు చూడకుండా, దీపాన్నే చూస్తూ అంది.

"సాయంత్రానికి వచ్చేస్తాడు."

తలెత్తి నావైపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు. వెలుగుతున్న దీపం ముందు ఊరికే నిలబడ్డ మనిషి చూపు అది. చెప్పవలసిన మాట నా నోట్లో ఎన్నో ఏళ్ళుగా సిద్ధంగా ఉంది.

"అవునండీ" అన్నాను. "సాయంత్రానికి వచ్చేస్తాడు."